పొడులు చెకిన్‌లో, రీళ్లు చేతిలో

ప్రశ్న: మాది కడప జిల్లా వేంపల్లె. ముప్పై ఏళ్లు స్టూడియో నడిపి మూసేశాను. దీపావళి అయ్యాక నేను, నా భార్య షికాగో దగ్గర ఉండే కూతురింటికి పోతున్నాం. మూడు నెలలు ఉంటాం. మూడేళ్ల మనవణ్ణి ఇంతవరకూ ఫోన్‌లోనే చూశాం. వాడి ఫోటోలు ఫిల్మ్ మీద తీయాలని నా కోరిక. నా దగ్గర నికాన్ ఎఫ్‌ఎం2, యాషికా మ్యాట్ 124జి కెమెరాలు ఉన్నాయి. ఫ్రిజ్‌లో కొడాక్ గోల్డ్ 200 రీళ్లు పది, 2004 నాటి కోనికా రీళ్లు నాలుగు ఉన్నాయి. అన్నీ నికాన్‌లో పట్టేవే. ఎయిర్‌పోర్టు ఎక్స్‌రేలో ఫిల్మ్ పాడవుతుందని ఒకరు, ఏమీ కాదని ఇంకొకరు అంటున్నారు. అప్పట్లో కొన్న సీసం సంచి ఉంది, అది చాలదా? ఫిల్మ్ కడిగే డెవలపర్ పొడి తీసుకుపోవచ్చా? అల్లుడేమో "ఎందుకు మామయ్యా ఇంత టెన్షన్, ఫోన్ ఉంది కదా" అంటున్నాడు. ఏం చేయమంటారు?

సమాధానం: అన్నా, మీకు చెప్పినవాళ్లలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎయిర్‌పోర్టులో ఉండేది ఒకే రకం ఎక్స్‌రే మిషన్ కాదు. ఒకరు ఒకదాని సంగతి చెప్పారు, ఇంకొకరు వేరేదాని సంగతి చెప్పారు.

చెకిన్ కౌంటర్‌లో మీరు అప్పగించిన పెద్ద పెట్టెలు బెల్టు మీద లోపలికి పోయాక, మీకు కనబడని చోట స్కాన్ అవుతాయి. ఆ మిషన్ల బలం చాలా ఎక్కువ. వాటిలోంచి పోయిన రీలు ఏ స్పీడుదైనా (200, 400 అనే అంకెలు అవే, అంకె పెరిగేకొద్దీ తక్కువ వెలుతురు చాలు) పాడైపోయిందనే అనుకోవాలి. కడిగాక నెగెటివ్ మీద అడ్డంగా పట్టీలు కనబడతాయి, కొన్నిసార్లు అవి అలలు అలలుగా వంకర తిరిగి ఉంటాయి. అందుకే కడగని ఫిల్మ్‌ను, వాడిందైనా వాడనిదైనా, సూట్‌కేసులో పెట్టకూడదు. ఇందులో బేరాల్లేవు.

చేతి సంచీలు పోయే పాత రకం ఎక్స్‌రే వేరు. సెక్యూరిటీ దగ్గర ల్యాప్‌టాప్ బయటికి తీసి ట్రేలో పెట్టమంటారు చూడండి, సాధారణంగా అక్కడ ఉండేది ఇదే. దీని బలం తక్కువ. మీ గోల్డ్ 200 గానీ, 400 ఫిల్మ్ గానీ ఇందులో కొన్నిసార్లు పోయినా మీలాంటి అనుభవం ఉన్న కన్ను కూడా తేడా పట్టలేదు. 800, ఆ పైన స్పీడున్న ఫిల్మ్‌ను మాత్రం ఇందులోనూ వేయొద్దు. 400 ఫిల్మ్‌ను 1600 అనుకుని తీసి, ఎక్కువసేపు కడిగించి (దీన్నే పుష్ చేయడం అంటాం) సరిపెట్టాలనుకుంటే దాన్నీ 1600గానే లెక్కపెట్టుకోవాలి. ఎక్స్‌రే దెబ్బ పడినకొద్దీ కూడుతుంది. పోయిన ఎయిర్‌పోర్టులో పడింది ఈ ఎయిర్‌పోర్టులో చెరిగిపోదు. ఒకే ఫ్రేము మీద రెండుసార్లు షట్టర్ నొక్కితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు అసలు తలనొప్పి కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లతో. ఆస్పత్రిలో ఉండే సీటీ పద్ధతే ఇదీ. సంచి చుట్టూ అన్ని వైపుల నుంచీ పొరలు పొరలుగా బొమ్మలు తీసి, అన్నీ కలిపి తెర మీద సంచిని తిప్పి తిప్పి చూపిస్తుంది. అన్ని బొమ్మలు తీయాలంటే ఫిల్మ్ మీద పడే ఎక్స్‌రే కూడా అంత ఎక్కువవుతుంది. ఒక్కసారి పోయినా ఫాగ్, అంటే మసక పొర, రావచ్చని కొడాక్ వాళ్లే హెచ్చరించారు. ఇక్కడ 200 అయినా 100 అయినా వేయొద్దు. ల్యాప్‌టాప్, నీళ్లసీసా, క్రీములు ఏవీ బయటికి తీయక్కర్లేదు, సంచిలోనే ఉండనీయండి అని సిబ్బంది అన్నారంటే ముందున్నది బహుశా సీటీయే. మిషన్ కూడా లావుగా, తెల్లగా, సొరంగంలా ఉంటుంది. ఆ మాట వినగానే ఫిల్మ్ కవర్ చేతిలోకి తీసుకోండి.

ఫిల్మ్‌కు ఎక్స్‌రే అంటే ఎందుకింత పడదో డార్క్ రూంలో నిలబడినవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. వెండి లవణాలకు వెలుతురు, ఎక్స్‌రే రెండూ ఒకటే. డబ్బా మూసి ఉందా, కాగితం చుట్టి ఉందా అని ఎక్స్‌రే చూడదు. నెగెటివ్‌లో తేటగా ఉండాల్సిన చోట బూడిదరంగు పొర వస్తుంది, నీడల్లో వివరం పోతుంది, గ్రెయిన్ పెరుగుతుంది, ప్రింటు వేస్తే నలుపు నలుపుగా రాదు. కడిగి, హైపో అనే రసాయనంలో పడ్డాక మాత్రం ఇక దెబ్బతినడానికి అందులో ఏమీ మిగలదు. కడిగిన నెగెటివ్‌ను ఏ మిషన్‌లో ఎన్నిసార్లు వేసినా భయం లేదు. నేను చెప్పబోయే సలహా అంతా ఈ ఒక్క విషయం మీదే నిలబడి ఉంది.

మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ముందుకు పోతాను. మీ దగ్గర్లోని తుమ్మలపల్లెలో తవ్వే యురేనియానికి, ఫోటో ప్లేటుకు పాత లెక్క ఉంది. 1896లో పారిస్‌లో హెన్రీ బెక్వెరెల్ అనే శాస్త్రవేత్త నల్లకాగితం చుట్టిన ఫోటో ప్లేటు మీద యురేనియం లవణం పెట్టి డ్రాయర్లో ఉంచితే, ఎండ తగలకుండానే ప్లేటు నల్లబడింది. రేడియోధార్మికత అలా బయటపడింది. 1945 జులైలో అమెరికా న్యూ మెక్సికో ఎడారిలో మొదటి అణుబాంబును పరీక్షించాక, కొన్నాళ్లకు కొడాక్ వాళ్ల ఎక్స్‌రే ఫిల్మ్ మీద మచ్చలు రావడం మొదలైంది. జూలియన్ వెబ్ అనే కొడాక్ శాస్త్రవేత్త వెతుక్కుంటూ పోతే దోషం ప్యాకింగ్ అట్టలో దొరికింది. బాంబు ధూళి ఎక్కడో దూరాన ఇండియానాలో ఆ అట్ట తయారుచేసే మిల్లు దాకా చేరింది. ప్రభుత్వం గుట్టుగా ఉంచిన పరీక్ష సంగతి ఫిల్మ్‌కు తెలిసిపోయింది. అంత సున్నితమైన సరుకును మీరు సంచిలో పెట్టుకుని పోతున్నారు.

ఇక మీ ప్రయాణానికి వద్దాం. స్లో ఫిల్మ్ మాత్రమే ఇక్కడి నుంచి తీసుకుపోండి. ఫాస్ట్ ఫిల్మ్ అక్కడే కొనండి. తీసినవన్నీ అక్కడే కడిగించి, నెగెటివ్‌లు మాత్రం ఇంటికి తెచ్చుకోండి. ఇలా చేస్తే కడగని ఫిల్మ్ ఒకవైపే ప్రయాణం చేస్తుంది, అదీ గోల్డ్ 200 మాత్రమే. తిరుగు ప్రయాణంలో మీకు ఏ మిషన్‌తోనూ పని లేదు.

ఫాస్ట్ ఫిల్మ్ ఎందుకంటారా? మీరు పోయేది నవంబరులో. షికాగోలో డిసెంబరు సాయంత్రం నాలుగున్నరకల్లా పొద్దు గూకిపోతుంది. చలికి పిల్లవాణ్ణి బయటికి తీసుకుపోయేదే తక్కువ. మీరు తీయబోయే ఫోటోల్లో ఎక్కువ భాగం ఇంట్లో, లైటు వెలుతురులో తీసేవే. మామూలు హాల్లో రాత్రిపూట 200 ఫిల్మ్‌తో, లెన్సును బాగా తెరిచి 2 దగ్గర పెట్టినా షట్టర్ 15కు, అంటే సెకనులో పదిహేనో వంతుకు, అటూ ఇటూ వస్తుంది. మూడేళ్ల పిల్లవాడు ఆ 15లో నిలబడతాడా? స్టూడియోలో స్టూలు మీద కూర్చోబెట్టి, పక్కన వాళ్ల నాయన గిలక్కాయ ఊపితే నిలిచే వయసు కూడా దాటిపోయింది వాడికి. అదే చోట 800 ఫిల్మ్ ఉంటే 60 దొరుకుతుంది. ఫ్లాష్ వాడొచ్చు గానీ, కిటికీ పక్క వెలుతురులో తీసిన మొహానికి, ఫ్లాష్ కొట్టిన మొహానికి తేడా మీకు తెలియనిది కాదు.

అందుకే పోర్ట్రా 800 రెండు మూడు రీళ్లు, ఇల్‌ఫర్డ్ హెచ్‌పి5 రెండు మూడు రీళ్లు మీరు చేరేసరికి ఇంట్లో ఉండేలా మీ అమ్మాయిని ఆన్‌లైన్లో తెప్పించి పెట్టమనండి. హెచ్‌పి5ను 1600 దగ్గర తీసి, ల్యాబుకు పంపేటప్పుడు రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు లెక్క) పుష్ చేయమని రాస్తే సరిపోతుంది. ఊటీలో ఇందు ఫిల్మ్ తయారీ ఆగిపోయాక మనకిక్కడ దొరికేదంతా దిగుమతి సరుకే. కొడాక్ తయారయ్యేదేమో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో. వాళ్ల ఊరి సరుకును మనం ఇక్కడ కొని, మళ్లీ వాళ్ల ఊరికే మోసుకుపోవడం ఎందుకు?

గోల్డ్ రీళ్లు పదీ పట్టుకుపోకండి, ఐదు చాలు. ఎండ కాసే రోజులకు, మంచు పడ్డ రోజు పిల్లవాడు పెరట్లో ఆడుకునేటప్పటికి అవి సరిపోతాయి. మంచులో మీటర్‌ను నమ్మొద్దు. తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకున్న పెళ్లికొడుకును మీటర్ చెప్పినట్టు తీస్తే బట్టలు బూడిదరంగులో వచ్చేవి కదా, మంచు కూడా అంతే. ఒక స్టాపు, బాగా తెల్లగా ఉంటే రెండు స్టాపులు ఎక్కువ ఇవ్వండి.

ఇప్పుడు సంచి సర్దడం. మన ఇళ్లల్లో అమెరికా ప్రయాణమంటే జరిగేదొకటే. పెట్టెల బరువు తూచి తూచి, చివర్లో ఎక్కువైన నువ్వులపొడి, పప్పులపొడి, కారంపొడి ప్యాకెట్లన్నీ చేతి సంచిలోకి చేరతాయి. దాంతో కెమెరా, ఫిల్మ్ పెట్టెలోకి పోతాయి. మీ ఇంట్లో ఇది తలకిందులు కావాలి. అమెరికా పోయే విమానాల్లో 350 మిల్లీలీటర్లు, అంతకు మించిన పొడులు చేతి సంచిలో ఉంటే అదనంగా తనిఖీ చేస్తారు, సంతృప్తిగా లేకపోతే పారేయిస్తారు. 2018 నుంచి ఉన్న నిబంధన ఇది. కాబట్టి పొడులు చెకిన్‌లోకి, రీళ్లు చేతిలోకి. వదినకు ఈ నిబంధన మీరు చెప్తే నమ్మకపోవచ్చు, కూతురితో చెప్పించండి.

రీళ్లను ప్రయాణానికి ముందురోజే ఫ్రిజ్‌లోంచి తీసి, సీలు విప్పకుండా బయట ఉంచండి. చల్లగా ఉన్నప్పుడు విప్పితే తేమ పడుతుంది. తర్వాత అట్టపెట్టెలు, ప్లాస్టిక్ డబ్బాలు తీసేసి, క్యాసెట్లను మాత్రం లోపలున్నది కనబడే జిప్ కవర్లో వేయండి. తనిఖీ చేసేవాళ్లు ఎంత తేలిగ్గా చూడగలిగితే మీ పని అంత తేలికవుతుంది. ఇప్పుడు సెక్యూరిటీలో ఉన్న కుర్రవాళ్లలో ఫిల్మ్ రీలును చేత్తో పట్టుకున్నవాళ్లు తక్కువ. మూత తీసి, కొస పట్టుకుని లాగి చూడాలని వాళ్లకు అనిపిస్తే తప్పు వాళ్లది కాదు. పక్కనే నిలబడి, లాగకూడదని నవ్వుతూ చెప్పండి.

మీ సీసం సంచి ఇంట్లోనే ఉంచండి. అది పాత మిషన్ల కాలానిది, సీటీ ముందు దాని మీద భరోసా పెట్టుకోలేం. పైగా తెర మీద ఏమీ కనబడని నల్లటి ముద్దగా తేలుతుంది. దాంతో సంచి ఆపుతారు, విప్పిస్తారు, రీళ్లు బయటికి తీసి మళ్లీ బెల్టు మీద వేస్తారు. దాచుకుని పోయినవాడి కంటే చూపించి అడిగినవాడికే అక్కడ మాట చెల్లుతుంది.

మీ ఊరి నుంచి పులివెందుల, కదిరి మీదుగా బెంగళూరు పోతారనుకుంటాను. ఎయిర్‌పోర్టు దేవనహళ్లి దగ్గర, నగరానికి ఇవతలే ఉంది కాబట్టి మనవాళ్లకు ఊళ్లోకి పోయే బాధ లేదు. మామూలుగా బయల్దేరే టైం కంటే ఒక గంట ముందు బయల్దేరండి. సెక్యూరిటీ లైనులో వెనక జనం తోసుకొస్తుంటే ఎవరూ మీ ఫిల్మ్ కథ వినరు. సంచి బెల్టు మీద పెట్టకముందే సీఐఎస్‌ఎఫ్ వాళ్లకు కవర్ చూపించి, ఇది కడగని కెమెరా ఫిల్మ్, ఎక్స్‌రేలో పాడవుతుంది, దయచేసి చేత్తో చూడండి అని అడగండి. ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు, అది అక్కడున్న అధికారి ఇష్టం. కాదంటే వాదించకండి. పాత రకం మిషన్ అయితే గోల్డ్ 200కు ఏమీ కాదు, ధైర్యంగా వేసేయండి. సీటీ అయితే మాత్రం పక్క లైనులో పాత మిషన్ ఉందేమో అడిగి, ఈ ఒక్క కవర్ అందులో వేయమని బతిమాలుకోండి. అక్కడా కుదరకపోతే పోయేది ఐదు గోల్డ్ రీళ్లే. ఇంకా మనవడి ఫోటో ఒక్కటీ వాటి మీద లేదు. అక్కడికి పోయి కొత్తవి కొనుక్కోవచ్చు. ఫిల్మ్‌ను ఒకవైపే, అదీ ఖాళీ రీళ్లుగానే తీసుకుపోమని నేను పట్టుబట్టేది ఇందుకే.

దుబాయ్, దోహా, అబుదాబి ఏదో ఒకచోట విమానం మారతారు కదా. అక్కడ మళ్లీ తనిఖీ ఉంటుంది, అమెరికా విమానానికి ఇంకాస్త గట్టిగా ఉంటుంది. అదే కవర్, అదే మాట. అబుదాబి మీదుగా పోతే అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ అక్కడే పూర్తవుతాయి, షికాగోలో దిగి నేరుగా బయటికి నడిచిపోవచ్చు. ఏ దారైనా ఎన్నిచోట్ల విమానం మారితే అన్ని మిషన్లు. టికెట్ ఇంకా కొనకపోతే ఒక్కసారి మాత్రమే మారేది చూసుకోండి. ఫిల్మ్‌కే కాదు, మీ మోకాళ్లకూ మంచిది.

అమెరికాలో దిగాక ఒక సంగతి ఎవరూ చెప్పరు. అబుదాబి కాక వేరేదారిలో పోతే షికాగోలోనే కస్టమ్స్ ఉంటుంది. కరివేపాకు, పచ్చి పండ్లు, మాంసం లాంటివి దొరికితే వ్యవసాయ తనిఖీకి పక్కకు పంపుతారు. అక్కడ సంచులన్నీ ఇంకోసారి ఎక్స్‌రేలో వేస్తారు. కరివేపాకుకు ఎలాగూ అనుమతి లేదు. నాలుగు రెబ్బల కోసం రీళ్లకు ఇంకో దెబ్బ అనవసరం. పచ్చళ్లు, పొడులు ఉన్నాయని ఫారంలోనో, అడిగినప్పుడో దాచకుండా చెప్పండి.

అమెరికా లోపల విమానం ఎక్కాల్సి వస్తే అక్కడ మీకు ఇబ్బందే లేదు. కడగని ఫిల్మ్‌ను చేతి సంచిలో తెచ్చుకుని చేత్తో తనిఖీ చేయమని అడగండి అని అక్కడి ఎయిర్‌పోర్టు భద్రత చూసే టీఎస్‌ఏ తనే చెబుతుంది. వాళ్ల భద్రతా నిబంధనల్లోనే ఆ వెసులుబాటు ఉంది. ఇంగ్లీషు గురించి బెంగపడకండి. కవర్ ముందుకు చాపి, "ఫిల్మ్, హ్యాండ్ చెక్ ప్లీజ్" అంటే చాలు. రీళ్ల మీద చిన్న గుడ్డముక్కతో తుడిచి, పేలుడు పదార్థాల జాడ ఉందేమో మిషన్‌లో పెట్టి చూసి తిరిగి ఇచ్చేస్తారు. దానికి కాస్త సమయం పడుతుంది, అంతే.

కెమెరాలో రీలు ఉంచి ఎయిర్‌పోర్టుకు పోకండి. లోపల ఫిల్మ్ ఉంటే వెనక మూత తెరవమన్నా ముప్పే, ఎక్స్‌రేలో వేసినా ముప్పే. ఇక్కడ బయల్దేరేటప్పుడు ఖాళీగా ఉంటుంది కాబట్టి బాధ లేదు. అక్కడ ఎటైనా విమానంలో తిరగడానికి పోయినప్పుడు రీలు సగంలో ఉంటే, ఎఫ్‌ఎం2 అడుగున బటన్ నొక్కి నెమ్మదిగా రివైండ్ చేయండి. కొస అవతలి స్పూల్ నుంచి విడిపోయినప్పుడు చేతికి తెలుస్తుంది, అక్కడే ఆపేయండి. కొస బయటే ఉంటుంది. ఎన్నో నంబరు దగ్గర తీశారో క్యాసెట్ మీద మార్కర్‌తో రాసుకోండి. మళ్లీ వేసినప్పుడు లెన్సుకు మూత పెట్టి, 4000 షట్టర్, 22 అపర్చర్ పెట్టి, రాసుకున్న నంబరు దాటి ఇంకో రెండు వచ్చేదాకా కొట్టుకుంటూ పోండి. పెళ్లిళ్లలో ఒకే కెమెరాతో బ్లాక్ అండ్ వైట్, కలర్ రెండూ నడిపించినవాళ్లకు ఇది అలవాటైన పనే.

రెండు కెమెరాల్లో ఏది అంటే, ఈసారికి ఎఫ్‌ఎం2. నడుం దగ్గర పట్టుకుని పైనుంచి చూసే యాషికా, మూడేళ్ల పిల్లవాడి ఎత్తుకు సరిగ్గా కుదురుతుంది, దాని చప్పుడుకు వాడు ఉలిక్కిపడడు. కానీ లెన్సు 3.5 దాకానే తెరుచుకుంటుంది, దానికి ఫిల్మ్ మీ దగ్గర లేదు, కిలో పైన బరువు, ఇంట్లో చీకటి. వేసవిలో పోయుంటే నేనే యాషికా అనేవాణ్ణి. ఎఫ్‌ఎం2కి ఇంకో మంచి గుణం, బ్యాటరీ చలికి నీరసపడినా మీటర్ ఒక్కటే ఆగుతుంది, షట్టర్ నడుస్తూనే ఉంటుంది. చిన్న బటన్ సెల్లులు రెండు లోపలి జేబులో, ఒంటి వెచ్చదనం తగిలేలా పెట్టుకోండి.

చలిలో ఫిల్మ్ గట్టిపడి పెళుసవుతుంది. గబగబా వైండ్ చేస్తే స్టాటిక్ పుట్టి నెగెటివ్ మీద మెరుపుల్లాంటి గీతలు పడతాయి, ఒక్కోసారి తెగిపోతుంది కూడా. లివర్ మెల్లగా తిప్పండి. బయటి నుంచి ఇంట్లోకి వచ్చేముందే కెమెరాను జిప్ కవర్లో పెట్టి మూసేయండి. తేమ కవర్ పైన పడుతుంది గానీ లెన్సు మీద పడదు. లోపల వేడికి అలవాటు పడ్డాకే తీయండి.

ఆ 2004 కోనికాల సంగతి. కోనికా కంపెనీయే ఫోటో వ్యాపారం వదిలేసింది, మీరు ఇంకా దాచారు, సంతోషం. కానీ అంత పాత ఫిల్మ్‌కు వయసుతోనే ఫాగ్ వచ్చి ఉంటుంది, మీద ఎక్స్‌రే ఎందుకు? మనవడి ఫోటో మళ్లీ తీయలేరు, వాటి మీద తీయకండి. బయల్దేరే ముందు ఒక ఆదివారం గండికోటకు పోయి, పెన్నా లోయ అంచున ఒక కోనికా రీలు, ఒక గోల్డ్ రీలు కొట్టి రండి. కోనికాకు పదేళ్లకు ఒక స్టాపు చొప్పున ఎక్కువ ఇవ్వడం వాడుకలో ఉన్న లెక్క. గోల్డ్ రీలును మాత్రం కడిగించి చూసుకోండి. చాలాకాలం వాడని ఎఫ్‌ఎం2లో వెలుతురు ఎక్కడైనా కారుతోందా, షట్టర్ సరిగా ఉందా తెలుస్తుంది. వెనక మూత చుట్టూ ఉండే నల్ల స్పాంజి వయసు మీద జిగురైపోతుంది, అది ముందు చూడండి. అమెరికాలో నెగెటివ్ మీద పొర కనబడితే తప్పు కెమెరాదా, మిషన్‌దా అని అప్పుడు మీరే తేల్చగలరు.

డెవలపర్ పొడి వద్దన్నా. పేరు లేని కవర్లో తెల్లపొడి పట్టుకుని ఎయిర్‌పోర్టులో నిలబడితే జవాబులు చెప్పలేక చస్తారు. పేరున్న ప్యాకెట్ అయినా అనవసరం. డి-76 డెవలపర్, హైపో అక్కడ ఆన్‌లైన్లో దొరుకుతాయి. హెచ్‌పి5 అయితే కూతురింట్లో స్నానాల గదిలోనే కడగొచ్చు, వాడి ఎదుటే నెగెటివ్ ఆరేయొచ్చు. చిన్నపిల్లవాడున్న ఇల్లు కాబట్టి రసాయనాలు అందని ఎత్తులో, మూతకు తాళం వేసి పెట్టాలి. కలర్ మాత్రం ల్యాబుకే ఇవ్వండి. కలర్ కడిగే సి-41 పద్ధతికి 38 డిగ్రీల వేడి నిలకడగా ఉండాలి, పరాయి ఇంట్లో ఆ గోల వద్దు.

అమెరికాలో పోస్టులో రీళ్లు పంపితే కడిగి, స్కాన్ చేసి, నెగెటివ్ తిప్పి పంపే ల్యాబులున్నాయి. దేశం లోపల పోస్టులో పంపడం ఫిల్మ్ వాడేవాళ్లకు అక్కడ రోజువారీ పని. ఇండియాకు మాత్రం కడగని రీళ్లు పార్శిల్ చేయకండి, విదేశీ పార్శిళ్లు ఏ మిషన్‌లోంచి వస్తాయో మీ చేతిలో ఉండదు. డబ్బులు తక్కువని మందుల దుకాణాల్లో, సూపర్‌మార్కెట్లలో ఇచ్చేముందు నెగెటివ్ తిరిగి ఇస్తారా అని ఒక్క మాట అడగండి. కొన్ని చోట్ల స్కాన్ ఇచ్చి నెగెటివ్ పారేస్తారు. నెగెటివ్ లేకుండా మీరు అంతదూరం ఫిల్మ్ మోసుకుపోయి ఏం లాభం? తిరిగొచ్చేందుకు కనీసం మూడు వారాల ముందే చివరి రీలు పంపేయండి. ఆ తర్వాత తీయాలనిపిస్తే అల్లుడి ఫోన్ ఉంది. అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు, ఫోన్‌లో తీసిన వీడియోలో పిల్లవాడి మాటలు కూడా ఉంటాయి. అదీ తీయమనండి, మీ పని మీరు చేయండి.

మనవడి కోసం అప్పటికప్పుడు ఫోటో చేతికిచ్చే ఇన్‌స్టాక్స్ కెమెరా ఇక్కడి నుంచి కొనుక్కుపోవాలని ఎవరైనా అంటే, దాని ఫిల్మ్ 800 స్పీడుది. అదీ అక్కడే కొనండి.

చివరికి కస్టమ్స్. మనతో తీసుకుపోయే ఖరీదైన వస్తువులకు వెళ్లేటప్పుడే ఎయిర్‌పోర్టు కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకుంటే, తిరిగొచ్చేటప్పుడు వాటి మీద పన్ను అడగరు. పాత ఎఫ్‌ఎం2కి అందుకోసం లైన్లో నిలబడాల్సినంత పని లేదని నా ఉద్దేశం. పాత బిల్లు ఉంటే దాన్ని, కెమెరా సీరియల్ నంబరును ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. అక్కడ కొత్త లెన్సు ఏదైనా కొంటే మాత్రం దాని బిల్లు పారేయకండి.